బార్, రెస్టారెంట్‌కు లెదర్ సీటింగ్ ఎంచుకోవడం ఎలా: పై తోలు నుంచి లోపలి ప్లైవుడ్ దాకా

తెరిచిన రోజు ఏ రెస్టారెంట్‌లోనైనా సీట్లు బాగానే ఉంటాయి. ఏది నిలిచిందో, ఏది నిలవలేదో రెండో వర్షాకాలం దాటాక బయటపడుతుంది. సీటు అంచున పొర పొక్కి పొట్టులా రాలుతుంది, కుట్ల వెంట చీలుతుంది, కూర్చుంటే కింది చెక్క తగులుతుంది, తల ఆనేచోట నల్లటి జిడ్డు పేరుకుంటుంది. ఈ నాలుగింటిలో మొదటి మూడూ కొన్న రోజునే ఖాయమైపోయినవి. దుకాణంలో రంగుల కార్డు తిప్పి, చేత్తో నిమిరి, మెత్తగా తగిలినదాన్ని తీసుకోవడం మామూలుగా జరిగే పని. అలా చేతికి మెత్తగా తగిలేది ఎక్కువసార్లు పీయూ, అంటే గుడ్డ మీద పాలియురెథేన్ పూసిన కృత్రిమ తోలు. మన తేమకు అన్నిటికంటే ముందు పొట్టు రాలేదీ అదే.

కాబట్టి రంగు సంగతి చివర చూద్దాం. పని ఈ వరసలో చేయండి.

1. హాలు ప్లాను ముందు పెట్టుకోండి

కాగితం మీద హాలు గీసి, ఒక్కో సీటు పక్కన నాలుగు సంగతులు రాయండి: మనిషి అక్కడ ఎంతసేపు కూర్చుంటాడు, ఏం తింటాడు, ఎండ పడుతుందా, నేల కడిగిన నీళ్లు దాని కిందకు పోతాయా. ఒకే హాల్లో అన్ని సీట్లకూ ఒకే సరుకు వేయాలన్న నియమం ఏమీ లేదు.

టిఫిన్ తిని పావుగంటలో లేచిపోయే చోట కుషన్ అసలు అక్కర్లేదు. హైదరాబాద్ ఇరానీ హోటళ్లు చెక్క కుర్చీలు, పాలరాతి బల్లలతోనే తరాలు నడిచాయి. చాయ్ ఒలికితే గుడ్డతో ఒక్క తుడుపు, అంతే. అక్కడ మిగిలిన డబ్బు మనిషి గంట కూర్చునే చోట మంచి ఫోముకు పెట్టండి.

ఫ్యామిలీ సెక్షన్‌లో పిల్లలు చెప్పులతో సీటెక్కుతారు, సాలన్ నూనె ఒలుకుతుంది, రోజుకు పది పన్నెండుసార్లు తడిగుడ్డ పడుతుంది. అక్కడికి మంచి రకం పీవీసీ రెక్సినే సరైనది. బార్‌లో రెండు మూడు గంటలు కూర్చుంటారు. చల్లటి గ్లాసు నుంచి నీళ్లు కారతాయి, మద్యం ఒలుకుతుంది, వేడి పట్టిన ఒంటి చెమట సీటుకు తగులుతుంది. అక్కడ కూడా గోడవార బెంచీలకు పీవీసీయే వేసి, కౌంటర్ ముందున్న స్టూళ్లకు, మూలనున్న లాంజ్ కుర్చీలకు మాత్రం అసలు తోలు వేస్తే ఖర్చుకు ఫలితం కనిపిస్తుంది. చేయి పడేదీ, కన్ను పడేదీ అక్కడే.

శాకాహార భోజనశాల అయితే అసలు తోలు జోలికి పోకండి. జైన కుటుంబాలే కాదు, మనలోనూ చాలామంది తోలు మీద కూర్చుని భోంచేయడానికి ఇష్టపడరు. "ఇది తోలా అండీ?" అని అడిగితే మీ స్టాఫ్ "కాదండీ, రెక్సిన్" అని తడుముకోకుండా చెప్పగలగాలి.

2. "లెదర్" అనే పేరు కింద ఏమేం అమ్ముతారో తెలుసుకోండి

అసలు తోలుతో మొదలుపెడదాం. పశువు చర్మం మందంగా ఉంటుంది కనక టానరీలో దాన్ని పొరలుగా చీలుస్తారు. వెంట్రుకలున్న వైపు పై పొర గ్రెయిన్. బలమంతా దానిలోనే ఉంటుంది. కింది పొరను స్ప్లిట్ అంటారు. దాని మీద ప్లాస్టిక్ పూత పూసి, గ్రెయిన్ గీతలు అచ్చు కొట్టి అమ్ముతారు. "జెన్యూన్ లెదర్" అన్న ముద్ర రెండింటి మీదా వేయొచ్చు కాబట్టి ఆ ముద్రను చూసి డబ్బు కట్టకండి. మీరు అడగాల్సింది టాప్ గ్రెయిన్, పిగ్మెంటెడ్ ఫినిష్, మందం 1.1 నుంచి 1.3 మిల్లీమీటర్లు. పిగ్మెంటెడ్ అంటే పైన రంగు పూత, దాని మీద రక్షణ పూత ఉన్నది. పూత లేని అనిలిన్ తోలు అందంగా, చర్మంలాగే ఉంటుంది గానీ చారు చుక్క పడితే లోపలికి పీల్చేస్తుంది. ఇంట్లో చదువుకునే గదికి అది బాగుంటుంది, భోజనం బల్ల పక్కన పనికిరాదు. తేడా తెలుసుకోవడం తేలికే: ముక్క మీద ఒక నీటిచుక్క వేసి నిమిషం చూడండి. చుక్క గుండ్రంగా నిలిస్తే పూత ఉన్నట్టు, తోలు ముదురు రంగుకు తిరిగితే లేనట్టు.

మేక, గొర్రె తోళ్లు జాకెట్లకు, చెప్పుల లైనింగుకు వాడేవి. సీటు మీద బరువుకు సాగిపోతాయి. మనకు దగ్గర్లో తోలు కేంద్రాలంటే తమిళనాడులోని ఆంబూరు, రాణిపేట, వాణియంబాడి. గేదె తోలుకు కాన్పూర్ పేరుపడ్డది. సరుకు పెద్ద మొత్తంలో కొంటున్నప్పుడు అనుమానం ఉంటే చెన్నై అడయారులో 1948 నుంచి పనిచేస్తున్న కేంద్ర తోలు పరిశోధన సంస్థకు నమూనా పంపి పరీక్ష చేయించుకోవచ్చు.

బాండెడ్ లెదర్ అంటే తోలు పనిలో మిగిలిన తుక్కును జిగురుతో ముద్దచేసి, షీటుగా నొక్కి, పైన పీయూ పూసింది. పేరులో లెదర్ ఉంది గదా అని ధర కాస్త ఎక్కువే చెబుతారు. రెస్టారెంట్‌కు దీన్ని ఏ ధరకైనా కొనకండి.

పీయూ సంగతి కొంచెం వివరంగా తెలుసుకోవాలి, ఎందుకంటే మోసపోయేది ఇక్కడే. మార్కెట్లో చవగ్గా దొరికే పీయూ ఎక్కువగా పాలియెస్టర్ రకం. గాలిలోని తేమ ఆ పదార్థపు గొలుసులను మెల్లగా తెంపుతూ పోతుంది. దీన్నే హైడ్రాలసిస్ అంటారు. మనిషి కూర్చున్నా కూర్చోకపోయినా ఇది జరుగుతూనే ఉంటుంది. గోడౌన్‌లో చుట్టి పెట్టిన థాను కూడా పాడవుతుంది. పై పొర గుడ్డ నుంచి విడిపోయి, కస్టమర్ ప్యాంటుకు నల్లటి పొట్టు అంటుకుంటుంది. దానికి మరమ్మతు లేదు, కవరు మొత్తం మార్చాల్సిందే. విశాఖ, కాకినాడ, నెల్లూరు లాంటి తీరపు ఊళ్లలో ఇది ఇంకా ముందే వస్తుంది. హైదరాబాద్ పొడి ఊరే కదా అనుకోవద్దు. రాత్రి ఏసీ ఆపేశాక, తడిబట్టతో నేల తుడిచి తలుపులు మూసిన హాల్లో తెల్లవార్లూ తేమే ఉంటుంది. పాలికార్బొనేట్ రకం పీయూ దీన్ని బాగా తట్టుకుంటుంది. అమ్మేవారిని డేటా షీట్ (పరీక్షల వివరాలున్న కాగితం) అడిగి, 70 డిగ్రీల వేడి, 95 శాతం తేమలో ఎన్ని వారాలు నిలిచిందో చూడండి. షీట్ లేదంటే ఆ పీయూ మీకొద్దు.

ఇక పీవీసీ. మనం వాడుకలో రెక్సిన్ అనేది ఎక్కువగా దీన్నే. తేమ దీన్ని ఏమీ చేయదు. దీని బలహీనత వేరే. పీవీసీ సహజంగా గట్టి ప్లాస్టిక్, దాన్ని మెత్తబరచడానికి ప్లాస్టిసైజర్ అనే నూనెలాంటి పదార్థం కలుపుతారు. తలనూనె, చెమట, శానిటైజర్ కలిసి ఆ పదార్థాన్ని బయటికి లాగేస్తే షీటు గట్టిపడి, మడత పడేచోట అప్పడంలా పగులుతుంది. అందుకే పగులు ఎప్పుడూ సీటు ముందంచున, తల ఆనేచోట మొదలవుతుంది. మంచి పీవీసీని గుర్తుపట్టడానికి మూడు గుర్తులు: మందం 1 నుంచి 1.2 మిల్లీమీటర్లు ఉండాలి. వెనక గుడ్డ అల్లిక పాలియెస్టరై, వేళ్లతో లాగితే కొద్దిగా సాగి వెనక్కి రావాలి. పైన పీయూ లాకర్ (వార్నిష్ లాంటిది) పూత ఉందని డేటా షీట్‌లో రాసి ఉండాలి. ఆ పలచటి పూతే మరకను, నూనెను లోపలికి పోనివ్వకుండా ఆపుతుంది. వెనక పలచటి నేత గుడ్డ ఉన్న చవక రెక్సిన్ ఆటో సీటుకు సరిపోతుందేమో, గంటలకొద్దీ కూర్చునే బెంచీకి చాలదు.

కేటలాగుల్లో పెద్ద అక్షరాలతో రాసే అరుగుదల అంకెల గురించి ఒక మాట. ముక్కను రుద్ది అరుగుదల కొలిచే యంత్రాలు రెండున్నాయి. వైజెన్‌బీక్ యంత్రం మీద 30,000 డబుల్ రబ్స్ (ముందుకూ వెనక్కీ కలిపి ఒకటి), లేదా మార్టిండేల్ మీద 40,000 సైకిళ్లు ఉంటే కమర్షియల్ వాడకానికి చాలు. ఈ రెండు యంత్రాల అంకెలను ఒకదానితో ఒకటి పోల్చకూడదు. లక్ష, రెండు లక్షలు అని రాసి ఉన్నంత మాత్రాన అంతకు అంత ఎక్కువ కాలం నిలుస్తుందని కాదు. రెస్టారెంట్ సీటు అరిగి పోవడం అరుదు, పొట్టు రాలో, పగిలో, కుట్టు చీలో పోతుంది.

3. శాంపిల్‌ను వంటింట్లో పరీక్షించండి

కార్డుకు అంటించిన రెండంగుళాల ముక్కతో ఏమీ తెలియదు. ఒక్కో రకానికి కనీసం ఏ4 కాగితమంత ముక్క అడిగి తీసుకోండి. లెక్కపెట్టి డబ్బిచ్చైనా తీసుకోండి.

ముందు పసుపు. చెంచాడు వేడి నూనెలో అర చెంచా పసుపు, కాస్త కారం కలిపి ముక్క మీద మూడు చోట్ల వేయండి. ఒకటి వెంటనే, ఒకటి గంటకు, ఒకటి మర్నాడు పొద్దున సబ్బునీటి గుడ్డతో తుడవండి. గంట మరక పూర్తిగా పోవాలి. మర్నాటి మరక లేతగా మిగిలితే ముక్కను రెండు రోజులు ఎండలో పెట్టి చూడండి. పసుపు రంగు ఎండకు వెలుస్తుంది. కానీ ఎక్కువ సీట్లకు ఎండ తగలదు కాబట్టి ఆ మరక మీ హాల్లో అలాగే ఉంటుంది. క్రీమ్, తెలుపు, లేత బూడిద రంగులను బిర్యానీ హోటల్‌కు వద్దనడం ఇందుకే.

తర్వాత శానిటైజర్. తెల్లగుడ్డను శానిటైజర్‌తో తడిపి, ఒకేచోట యాభైసార్లు గట్టిగా రుద్దండి. గుడ్డకు రంగు అంటినా, ముక్క మెరుపు పోయి మసకబారినా ఆ రకం పక్కన పెట్టేయండి. అదే తీరుగా తడిపిన కొత్త ముదురు జీన్స్ గుడ్డతోనూ రుద్దండి. లేత రంగు పీవీసీలోకి నీలం దిగిందంటే మళ్లీ రాదు.

ముక్కను మధ్యకు మడిచి, బట్టల క్లిప్పు పెట్టి, రాత్రంతా ఉంచండి. పొద్దున విప్పి మడత దగ్గర వేలిగోటితో గీరండి. తెల్లటి గీత పడి పదినిమిషాల్లో మాయమైతే మంచిదే. పై పొర లేస్తే వద్దు.

అమ్మేవాడు చెప్పింది పీవీసీయా పీయూనా అని అనుమానమా? పాత రాగి కరెంటు తీగ కొసను గ్యాస్ మంటలో ఎర్రగా కాల్చి, ముక్కకు తాకించి, కొంచెం అంటుకున్నాక మళ్లీ మంటలో పెట్టండి. మంట ఆకుపచ్చగా మెరిస్తే అందులో క్లోరిన్ ఉన్నట్టు, అంటే పీవీసీ. పీయూకు ఆ పచ్చదనం రాదు. ఆ పొగ మంచిది కాదు, ఆరుబయట చేయండి. అసలు తోలు తేల్చుకోవాలంటే పై పూతను వదిలి, వెనక వైపు నుంచి రెండు పోగులు గీరి కాల్చండి. వెంట్రుక కాలిన వాసన వస్తుంది, కరిగి ఉండ కట్టదు.

చివరగా ఉపరితలం మీద వేలు పెట్టి చూడండి. గ్రెయిన్ గీతలు లోతుగా ఉంటే చూడ్డానికి దర్జాగా ఉంటుంది గానీ మసాలా ఆ గీతల్లోనే కూర్చుంటుంది. లోతు తక్కువున్న గ్రెయిన్ తీసుకోండి. రంగుల్లో కాఫీ, ఖర్జూరం, బాటిల్ గ్రీన్, ముదురు ఇటుక రంగు మన తిండికి బాగా నప్పుతాయి. నిండు నలుపు మీద మెతుకు, దుమ్ము, తుడిచిన గుడ్డ చారలు అన్నీ కనిపిస్తాయి. అద్దాల కిటికీ పక్కనైతే ఎండకు కాలుతుంది కూడా.

4. కొలతలు

భోజనం బల్ల 30 అంగుళాల ఎత్తు ఉంటే సీటు 18 అంగుళాలు. బార్ కౌంటర్ 42 అంగుళాలైతే స్టూలు 30. వంటింటి ఎత్తులో 36 అంగుళాల కౌంటరైతే స్టూలు 24 నుంచి 26. సీటుకూ బల్ల పైభాగానికీ మధ్య 10 నుంచి 12 అంగుళాలు ఉండాలన్నదే అసలు లెక్క. ఫోము మనిషి బరువుకు అంగుళం దిగుతుంది కాబట్టి ఒకరిని కూర్చోబెట్టి కొలవండి.

గోడవార బెంచీకి మనిషికి 24 అంగుళాల వెడల్పు, వీపు (ఆనుకునే పలక) ముందు నుంచి సీటు అంచుకు 18 అంగుళాల లోతు, వీపు నుంచి బల్ల అంచుకు 16 నుంచి 18 అంగుళాలు. లోతు అంతకంటే ఎక్కువైతే పొట్టివాళ్ల కాళ్లు గాలిలో వేలాడతాయి, విస్తరి దూరమవుతుంది. ఒక స్టూలు నడిమి నుంచి పక్కదాని నడిమికి 26 అంగుళాలు ఇవ్వండి. 13 అడుగుల కౌంటర్‌కు ఆరు స్టూళ్లు. తిరిగే స్టూళ్లయితే ఐదే పెట్టండి, మోకాళ్లు తగులుకుంటాయి. పాదం ఆనే కమ్మీ సీటుకు 18 అంగుళాల కింద ఉండాలి. ఆ కమ్మీ మీద పౌడర్ కోటింగ్ కొద్ది నెలల్లో గీసుకుపోతుంది, అందుకని అక్కడ ఒక్కచోట స్టీల్ వేయించండి. తీరపు ఊళ్లలో 304 గ్రేడ్ స్టీలే అడగండి. 202 గ్రేడ్ ఉప్పుగాలికి తుప్పు మచ్చలు పడుతుంది.

5. లోపల ఏముందో చూసి తీసుకోండి

పై తోలు ఎంత మంచిదైనా లోపలి పని బాగోకపోతే సీటు ముందే పోతుంది. బెంచీ చట్రానికి ఐఎస్ 710 ముద్ర ఉన్న బీడబ్ల్యూపీ (మరిగే నీటినీ తట్టుకునే) ప్లైవుడ్, 18 మిల్లీమీటర్లది వాడండి. మన రెస్టారెంట్లలో రోజూ నేల మీద నీళ్లు పోసి కడుగుతారు. కమర్షియల్ ప్లై ఆ నీటికి ఉబ్బి పొరలుగా విడిపోతుంది. బెంచీ అడుగున 4 అంగుళాల ఎత్తున, 3 అంగుళాలు లోపలికి జరిపి, గ్రానైట్ లేదా టైల్ అంచు కట్టించండి. రెక్సిన్ ఆ 4 అంగుళాల పైనే ఆగిపోవాలి. నేల దాకా దించిన రెక్సిన్ ఫినాయిల్ నీళ్లు పీల్చి అడుగున కుళ్లిన వాసన వస్తుంది.

సీటు పలకకు గాలి రంధ్రాలు ఉండటం చాలా ముఖ్యం. దీన్ని మర్చిపోవడం మామూలే. పీవీసీలోంచి గాలి పోదు. మనిషి ధభీమని కూర్చుంటే ఫోములోని గాలికి దారి లేక కుట్ల మీద తోస్తుంది. ఆరు నెలల్లో మూల కుట్టు చీలితే దారం మంచిది కాదని మేస్త్రీని తిట్టుకుంటాం. అసలు తప్పు పలకది. ఒక్కో మనిషి సీటు కింద 25 మిల్లీమీటర్ల రంధ్రాలు నాలుగు వేయించండి. కూర్చున్నప్పుడు బుస్సుమనే చప్పుడూ తగ్గుతుంది.

ఫోమును సీటుకు 40 డెన్సిటీ, 4 అంగుళాల మందం, వీపుకు 32 డెన్సిటీ, 2 అంగుళాలు తీసుకోండి. 40 అంటే ఘనమీటరుకు 40 కిలోలు. కాబట్టి బిల్లు మీద రాసింది నిజమో కాదో త్రాసు చెబుతుంది. 6 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, 4 అంగుళాల మందం ఉన్న షీటు 40 డెన్సిటీ అయితే 6.8 కిలోలు తూగాలి. 5.4 కిలోలే తూగితే మీకిచ్చింది 32. 4.8 కిలోలైతే 28. కొందరు సుద్దపొడి కలిపి బరువు పెంచుతారు. అనుమానం ఉంటే ఒక ముక్క నలిపి వేళ్లు చూడండి, పొడి అంటుతుంది. పిడికిలితో గట్టిగా నొక్కి వదిలితే మంచి ఫోము వెంటనే లేస్తుంది. గుంట నెమ్మదిగా పూడితే రెండు పండగల్లో అది కుంగిపోతుంది. ఫోము అంటించడానికి సింథటిక్ రబ్బర్ జిగురు వాడతారు. దాన్ని పలకకూ ఫోముకూ రెండింటికీ రాసి, తడి ఆరాకే అతకాలి. తడిమీద అతికితే లోపల ఆవిరి నిలిచి వారాల తరబడి వాసన వస్తుంది.

సీటుకూ వీపుకూ మధ్య సందు గురించి ముందే తేల్చుకోండి. బిగుతుగా ఆనించి కుడితే మెతుకులు, చిల్లర, ఎముక ముక్కలు ఆ మడతలో ఇరుక్కుంటాయి, బొద్దింకలు చేరతాయి. వీపును సీటుకు అంగుళం పైన ఆపండి, తుడుపు గుడ్డ దూరుతుంది. సీటు పలకలను మేకులతో కొట్టేయకుండా కింది నుంచి బోల్టులతో బిగించమనండి. ఎత్తి శుభ్రం చేయొచ్చు, ఒక్క సీటు పాడైతే ఆ ఒక్కదాన్నే విప్పి కుట్టించొచ్చు.

6. కుట్టు, పైపింగ్, బటన్లు

అంగుళానికి 6 లేదా 7 కుట్లు చాలు. దగ్గరగా కుడితే బలమనుకుంటారు గానీ, సూది రంధ్రాలు వరసగా పడి తపాలా బిళ్లల షీటులా అక్కడే చిరుగుతుంది. నూలు దారం వద్దు, తడికి కుళ్లుతుంది. బాండెడ్ పాలియెస్టర్ దారం అడగండి. నైలాన్ బలమైనదే, కానీ కిటికీ పక్క ఎండకు చీకిపోతుంది. అసలు తోలుకు తోలు సూది, రెక్సిన్‌కు మామూలు గుండ్రటి మొన సూది.

సీటు ముందంచున పైపింగ్ (కుట్టు వెంట తాడులా ఉబ్బెత్తుగా వచ్చే అంచు) వేయించకండి. మోకాలి వెనక రాసుకుని అన్నిటికంటే ముందు అదే తెల్లబడుతుంది. వీపు పై అంచున వేసుకోండి, అందంగానే ఉంటుంది. బటన్లు నొక్కిన సీటు ఫోటోలో ఎంత బాగున్నా తినేచోట వద్దు. ప్రతి గుంటలో మసాలా చేరుతుంది, నల్లులకు అంతకంటే మంచి చోటు ఉండదు. ఆ ముచ్చట ఉంటే వీపు పైభాగంలో, తల ఎత్తుకు మించి తీర్చుకోండి.

7. ఎంత సరుకు పడుతుంది

ముగ్గురు కూర్చునే 6 అడుగుల బెంచీ లెక్క చూద్దాం. సీటు పలక 20 అంగుళాలు, దానికి వెనక మడత 2, ముందు ఫోము మందం 4, పలక కిందకు 4 కలిపి 30 అంగుళాల వెడల్పు. పొడవు 72, రెండు పక్కలా ఫోముకు 4 చొప్పున, మడతకు 2 చొప్పున కలిపి 84. వీపు 18 ఎత్తు, పైన 2, వెనక్కి 2, సీటు వెనక్కి దిగే మడత 4, మొత్తం 26. రెక్సిన్ థాను వెడల్పు 54 అంగుళాలు, అంచులు పోగా 53 దక్కుతుంది. 30కి 26 కలిపితే 56. మూడంగుళాలు చాలలేదని రెండో వరస కోయాల్సి వస్తుంది, 2.25 మీటర్లతో అయ్యే పనికి 4.5 మీటర్లు పడుతుంది. చేయాల్సింది ఇది: వీపు అడుగున కనపడకుండా దిగిపోయే ఆ 4 అంగుళాలకు రెక్సిన్ బదులు గట్టి క్యాన్వాస్ పట్టీ కుట్టించండి. వీపు ముక్క 22.5 అవుతుంది, రెండూ ఒకే వరసలో పడతాయి. పది బెంచీలుంటే 22 మీటర్ల పైన మిగులు.

సీటును 24 అంగుళాలకు ఒక జాయింటు చొప్పున మూడు ముక్కలుగా కుట్టించండి. పొడవు రెండంగుళాలు పెరుగుతుంది, అయినా ఆ 2.25 మీటర్లలోనే సరిపోతుంది. ఒకచోట సిగరెట్ కాలినా, బ్లేడు గీసినా ఆ ముక్క ఒక్కటే మారుతుంది.

అసలు తోలుకు లెక్క వేరు. అదే బెంచీకి కనపడే సరుకు 30 చదరపు అడుగులు. కానీ తోలు థాను కాదు, పశువు ఆకారంలో ఉంటుంది. పొట్ట భాగం సాగుతుంది, మెడ దగ్గర ముడతలు, పిడుదు మచ్చలు, ముళ్లు గీసిన గాట్లు ఉంటాయి. 35 శాతం తరుగు వేసుకుని 41 చదరపు అడుగులు కొనండి. సగం తోలుగా అమ్మేవి చాలాసార్లు 20 చదరపు అడుగుల అటూ ఇటూ ఉంటాయి, వాటిలో 84 అంగుళాల ఏకముక్క రాదు. జాయింట్లు ఎలాగూ తప్పవు కాబట్టి వాటిని డిజైన్‌లోనే పెట్టుకోండి. వీపెముక వెంట ఉన్న గట్టి భాగం సీటుకు, పక్క భాగాలు వీపుకు కోయమని మేస్త్రీకి ముందే చెప్పండి.

8. ఆర్డర్ పెట్టేటప్పుడు

అన్నీ ఒకేసారి కుట్టించకండి. ముందు ఒక్క సీటు చేయించి, హాల్లో పెట్టి, ఇద్దరు ముగ్గురిని గంటన్నర కూర్చోబెట్టి భోజనం పెట్టండి. తొడ కింద నొక్కుతుందా, వీపు నిటారుగా ఉందా, చెమట పడుతుందా అడగండి. దుకాణంలో రెండు నిమిషాలు కూర్చుంటే ఇవేవీ తెలియవు.

బిల్లు మీద "బ్రౌన్ లెదర్ సోఫా 10" అని రాయనివ్వకండి. రెక్సిన్ కంపెనీ, ఆర్టికల్ నంబరు, లాట్ నంబరు, మందం, ఫోము డెన్సిటీ, ప్లై గ్రేడు, దారం రకం అన్నీ రాయించండి. ఒకే నంబరు రంగైనా లాటు మారితే ఛాయ మారుతుంది, పక్కపక్కన పెడితే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అందుకని పదో వంతు అదనంగా అదే లాటులో ఇప్పుడే కొనండి. మడతపెట్టొద్దు, పీవీసీ మీద పడిన మడత గీత పోదు. అట్ట గొట్టానికి చుట్టి, పడుకోబెట్టి, వంటింటి వేడికి దూరంగా ఉంచండి.

9. రోజువారీ తుడుపు

సగం సీట్లను పాడుచేసేది శుభ్రం చేసే మందులే. పీవీసీకి గోరువెచ్చటి నీటిలో నాలుగు చుక్కల గిన్నెల లిక్విడ్, మెత్తటి గుడ్డ, ఆ తర్వాత మంచినీటి గుడ్డ, ఆ తర్వాత పొడిగుడ్డ. రెండోది మానేస్తే సబ్బు పొర మిగిలి జిడ్డు ఇంకా పట్టుకుంటుంది. ఫినాయిల్, బ్లీచింగ్, గిన్నెలు తోమే పీచు, సీటు మీదికి నేరుగా శానిటైజర్ కొట్టడం, ఈ నాలుగూ నిషేధమని స్టాఫ్ గదిలో కాగితం అంటించండి. బల్ల తుడిచే గుడ్డతోనే సీటు తుడవకుండా రెండు రంగుల గుడ్డలు ఇవ్వండి.

అసలు తోలు కొద్దిగా ఆమ్ల గుణం ఉన్న వస్తువు. బట్టల సబ్బు క్షారం దాన్ని పొడిబార్చి బిరుసెక్కిస్తుంది. పిండిన తడిగుడ్డతో తుడిచి వెంటనే ఆరబెట్టండి, వారానికోసారి తోలు క్లీనర్, మూడు నాలుగు నెలలకోసారి కండిషనర్ వాడండి. మెరుపు కోసం కొబ్బరినూనె రాసే అలవాటు ఉంది. అది తోలును నల్లబరిచి, బూజుకు తిండి పెడుతుంది. షూ పాలిష్ అయితే కస్టమర్ చీరకే అంటుతుంది. ఏసీ గాలి సూటిగా కొట్టే చోట, తందూరు వైపు గోడకు ఆనించి తోలు సీటు పెట్టొద్దు. వర్షాకాలంలో వారం మూసేయాల్సి వస్తే సీట్లను ప్లాస్టిక్ కవర్లతో కప్పకుండా పలచటి నూలు గుడ్డ కప్పి, గోడకు నాలుగంగుళాలు ఎడంగా జరపండి. తెరిచాక తెల్లటి బూజు కనిపిస్తే ఆరుబయట పొడిగుడ్డతో దులిపి, ఆ తర్వాతే తడిగుడ్డ పెట్టండి.

నెలకోసారి, కస్టమర్లు లేని మధ్యాహ్నం పూట, ఒక మనిషి ప్రతి సీటు ముందంచునా, మూల కుట్లనూ వేలితో తడిమి చూడాలి. రెండు కుట్లు తెగినప్పుడు మేస్త్రీని పిలిస్తే అరగంట పని. జానెడు చీలాక పిలిస్తే ముక్క మార్చాలి, అప్పుడు గొట్టానికి చుట్టి దాచిన ఆ రెక్సిన్ బయటికి తీయాల్సి వస్తుంది.